ఎర్ర చుక్క వెనక ఊడబీకిన తీగ

ఎడిటర్‌లో లైను నెంబరు పక్కన క్లిక్ చేస్తే ఎర్ర చుక్క పడుతుంది. ప్రోగ్రాం పరుగెత్తుకొచ్చి సరిగ్గా అక్కడ ఆగుతుంది. ఈ బ్రేక్‌పాయింట్‌లోని 'బ్రేకు' బండికి వేసే బ్రేకు కాదు, తెంపడం. మొదట్లో నిజంగానే తెంపేవారు.

ఫిలడెల్ఫియాలోని మూర్ స్కూల్లో కట్టిన ఎనియాక్‌ను 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దాదాపు 18,000 వాక్యూం ట్యూబుల యంత్రం. అప్పట్లో ప్రోగ్రాం అంటే రాసేది కాదు, గుచ్చేది: ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి కేబుళ్లు కలుపుకుంటూ పోవాలి. లెక్క ఎక్కడ దారి తప్పుతోందో చూడాలంటే అక్కడి కేబుల్ ఊడబీకేవారు. సంకేతం ముందుకు పోదు, పని నిలిచిపోతుంది. ఇక తీరిగ్గా దీపాలు చూసి అంకెలు చదువుకోవచ్చు. ఈ ఉపాయం ఎనియాక్‌ను నడిపిన ఆరుగురు మహిళా ప్రోగ్రామర్లలో ఒకరైన బెట్టీ హోల్బర్టన్‌ది. ప్రోగ్రాంలో తప్పును 'బగ్', అంటే పురుగు అంటారు కదా, 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో దొరికిన రెక్కల పురుగు కథ ప్రతి క్లాసులోనూ చెబుతారు. ఆ పురుగుకొచ్చిన పేరు ఈమెకు రాలేదు.

ప్రోగ్రాం మెమరీలోకి చేరాక పీకడానికి తీగ లేదు. ఆపే పని డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రాంకు వచ్చింది. ఎంఐటీలో టీఎక్స్-0 యంత్రానికి ఫ్లిట్ అనే డీబగ్గర్ రాశారు. అది దోమలమందు పేరు. పీడీపీ-1 యంత్రానికి అలన్ కోటోక్ రాసినదాని పేరు డీడీటీ. మలేరియా వాళ్లొచ్చి గోడలకు కొట్టిపోయిన ఆ డీడీటీయే!

అసలు గడుసుదనం 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్‌లో ఉంది. ఆగాల్సిన చోట ఉన్న బైటును డీబగ్గర్ తీసి దాచుకుని, అక్కడ సీసీ అనే బైటు పెడుతుంది. ప్రాసెసర్ దాన్ని తొక్కగానే తట్టుకుని ఆగుతుంది, కబురు డీబగ్గర్‌కు అందుతుంది. కదలమన్నప్పుడు పాత బైటు తిరిగి పెట్టి, ఆ ఒక్క ఆదేశం నడిపించి, మళ్లీ సీసీ పెడుతుంది. ప్రాసెసర్‌ను ఇలా మధ్యలో ఆపే మామూలు ఇంటరప్ట్ ఆదేశానికి రెండు బైట్లు కావాలి. దీనికి మాత్రం ఒక్కటే ఎందుకు? ఆ ప్రాసెసర్‌లో ఒకే బైటుండే ఆదేశాలున్నాయి. అలాంటిదాని మీద రెండు బైట్లు పెడితే పక్క ఆదేశం చెడిపోతుంది. ఇంతకీ చుక్క పడేది మన సోర్సు ఫైలు పక్కన. మారేది మెమరీలో నడుస్తున్న ప్రోగ్రాం.

కానీ యంత్రానికి లైను నెంబర్లు ఎక్కడివి? కంపైలర్‌కు 'మైనస్ జీ' అని చెబితే, ఏ లైను ఏ చిరునామాలో ఉందో ఒక పట్టిక రాసిపెడుతుంది. యూనిక్స్ వాళ్లు ఆ పద్ధతికి డ్వార్ఫ్ అని పేరు పెట్టారు, ఎల్ఫ్ అనే ప్రోగ్రాం ఫైళ్లకు జోడీగా. 1986లో ప్రోగ్రామర్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీడీబీ అనే డీబగ్గర్ ఇప్పటికీ అలాంటి పట్టికలే చదువుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో సీ ప్రోగ్రాంకు చుక్క పెడితే, తెర వెనక పనిచేసేది చాలాసార్లు ఈ ముసలి జీడీబీయే.

అయితే ఆప్టిమైజేషన్ పెంచితే కంపైలర్ కొన్ని లైన్లను మింగేస్తుంది. అప్పుడు మనం ఒక లైను మీద చుక్క పెడితే ప్రోగ్రాం రెండు లైన్లు దాటాక ఆగుతుంది, లేదా అసలు ఆగదు. హోల్బర్టన్‌కు ఈ తిప్పలు లేవు. ఆమె పీకిన కేబులే ప్రోగ్రాం.