నాచ్ వేస్తే నల్లపొగ

పలాస ప్లాట్‌ఫారం మీద ఆల్కో డీజిల్ ఇంజన్ కదలడం చూసినవాళ్లకు ఆ పొగ గుర్తుండే ఉంటుంది. డ్రైవరు నాచ్ మీద నాచ్, అంటే ఇంధనం పెంచే మెట్టు మీద మెట్టు, వేసేకొద్దీ నల్లగా ఎగజిమ్మేది. బండి ఊపందుకున్నాక పల్చబడేది. ఇంజన్ పాతబడిందనో, డీజిల్ కల్తీదనో అనుకోవడం తేలిక. అసలు సంగతి వేరు. నాచ్ వేయగానే డీజిల్ సిలిండర్లలోకి చేరిపోతుంది, దాన్ని కాల్చాల్సిన గాలి మాత్రం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యలో సరిగా కాలని ఇంధనమే పొగ.

పలాస ఉన్న ఈ తూర్పు తీరం మీద రైలింజన్ల చరిత్ర చాలావరకు గాలి కోసం పడ్డ పాట్ల చరిత్రే. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను 1893–96 మధ్య దఫాలుగా తెరుచుకుంది. 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1900లో, నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి అక్కడి రాజావారి చిన్న రైలు మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే.

పెద్దబండికైనా చిన్నబండికైనా ఆవిరి ఇంజన్‌లో గాలి లాగే కిటుకు ఒకటే. పిస్టన్‌ను తోసి పని ముగించుకున్న ఆవిరిని చిమ్నీ అడుగున సన్నటి గొట్టంలోంచి పైకి చిమ్ముతారు. ఆ ఊపుకి లోపల ఒత్తిడి పడిపోయి, బయటి గాలి బొగ్గుల్లోంచి దూసుకొస్తుంది. కొలిమికి తిత్తి చేసే పనిని ఇక్కడ వాడేసిన ఆవిరే చేస్తుందన్నమాట. బరువు ఎక్కువై ఇంజన్ ఎక్కువ ఆవిరి తాగితే నిప్పుకి గాలీ ఎక్కువే. ఫ్రాన్స్‌లో ఆంద్రే షాపెలాన్ 1929లో పాత ఇంజన్ ఒకదానికి ఆవిరి దారులు వెడల్పు చేసి, ఈ గొట్టాన్నీ మార్చి బలాన్ని బాగా పెంచేశాడు.

డీజిల్‌తో లెక్క మారింది. వాల్తేరు డీజిల్ షెడ్డు 1965లో మొదలైంది. అమెరికన్ ఆల్కో కంపెనీ నమూనా మీద వారణాసిలో 1964 నుంచి తయారైన డబ్ల్యూడీఎం-2కి పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్ దాదాపు పదకొండు లీటర్లు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే ఒక్కోటి 500 సార్లు గాలి పీలుస్తుంది. అన్నీ కలిపి నిమిషానికి దాదాపు 87,500 లీటర్లు. అదీ ప్రతిసారీ నిండుగా పీలిస్తేనే. ఫిల్టరూ, వంకర గొట్టాలూ, వాల్వ్ సందులూ అడ్డుపడి అంత రాదు. రావాల్సినదాంట్లో ఎంత వచ్చిందన్నదే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ.

పైగా వేసవి. పదిహేను డిగ్రీల గాలితో పోలిస్తే నలభై డిగ్రీల గాలి అదే చోటులో ఎనిమిది శాతం తక్కువ పడుతుంది. కొత్తవలస–కిరండూల్ లైన్లో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ దగ్గర, ఎత్తు వల్లే మరో పది శాతం దాకా పోతుంది.

ఈ లోటు తీర్చింది టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన అది. పొగగొట్టంలో వృథాపోయే వేడివాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో గాలిని సిలిండర్లలోకి నెట్టడం. చిక్కల్లా, పొగ జోరందుకుంటేనే చక్రం జోరందుకుంటుంది. పలాసలో నల్లపొగకి మూలం ఇదే. నెట్టిన గాలి ఒత్తిడికి వందడిగ్రీలు దాటి వేడెక్కి మళ్లీ పలచబడుతుంది కాబట్టి ఆఫ్టర్‌కూలర్‌లో నీళ్లతో చల్లార్చి మరీ లోపలికి పంపాలి.

మన కుర్రాళ్లు కార్లకు ఓపెన్ ఫిల్టరు బిగించి, బానెట్ కింద రేడియేటర్ వెనకున్న వేడిగాలినే పీల్పిస్తుంటారు. చప్పుడు పెరుగుతుంది. బలం పెరిగిందన్నది చెవుల భ్రమ. చల్లటి గాలి ఎక్కడిదని ముందు ఆలోచించిన రైల్వే వర్క్‌షాపులు ఈ విషయంలో వాళ్లకంటే నయం.

గాలి పెరిగితే బలం పెరుగుతుందన్న సంగతి 1990లలో లెక్కల్లోనే తేలింది. అదే ఆల్కో ఇంజన్, అవే పదహారు సిలిండర్లు, కొలతలూ అవే. మెరుగైన టర్బో పెట్టారు, ఆఫ్టర్‌కూలర్ పెద్దది చేశారు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ కలిసి తెరిచి ఉండే సమయాన్ని పెంచే క్యామ్‌షాఫ్ట్ వేశారు. ఆ కాస్త సమయంలో కొత్త గాలి పాత పొగను ఊడ్చేస్తుంది, పిస్టన్‌ తలనీ వాల్వ్‌లనీ చల్లబరుస్తుంది. హెచ్చిన గాలికి తగ్గట్టు ఇంధనం కూడా పెంచారు. బలం 3100కి చేరింది, ఆ ఇంజన్ డబ్ల్యూడీఎం-3ఏ అయింది. తర్వాతి డబ్ల్యూడీఎం-3డీ అదే పదహారు సిలిండర్ల నుంచి 3300 రాబట్టింది.

అప్పటికే కరెంటు తీగలు దగ్గరపడుతున్నాయి. నౌపడా చిన్నరైలు 2004లో ఆగింది, బ్రాడ్‌గేజ్ అయి తిరిగొచ్చింది. హౌరా–చెన్నై మెయిన్‌లైన్ 2005కల్లా పూర్తిగా విద్యుదీకరణ అయింది. పలాస మీదుగా వెళ్లే ఎలక్ట్రిక్ ఇంజన్లలోనూ గాలి కోసం పెద్ద బ్లోయర్లున్నాయి, అయితే అవి తోడేది మోటార్ల వేడినే.