చార్టుకి వ్యాకరణం ఉందా?

1786లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకంలో 44 చార్టులున్నాయి. వాటిలో 43 ఒకే కోవకి చెందినవి: అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా డబ్బు, మధ్యలో ఎక్కుతూ దిగుతూ పోయే గీతలు. మిగిలిన ఒక్కటే వేరు. అది స్కాట్లండ్ 17 ప్రాంతాలతో ఒక ఏడాదిలో చేసిన ఎగుమతి దిగుమతుల లెక్క. పుస్తకం పేరు ‘కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’, రాసినాయన విలియం ప్లేఫెయిర్. స్కాట్లండ్ గురించి ఆయన దగ్గర ఆ ఒక్క ఏడాది అంకెలే ఉన్నాయి. కాలమే లేకపోతే గీత ఎటు పోతుంది? అందుకని ఒక్కో ప్రాంతానికి ఒక్కో పట్టీ గీశాడు. బార్ చార్టు అలా పుట్టింది. అది ఆయనకే పెద్దగా నచ్చలేదు. కాలాన్ని చూపించదు కాబట్టి మిగతావాటికన్నా తక్కువ రకమని ఆ పుస్తకంలోనే చెప్పుకున్నాడు.

ఇవాళ ఏ డాష్‌బోర్డు తెరిచినా ముందు కనిపించేది ఆ తక్కువరకం బొమ్మే. లెక్కలు చాలక పుట్టింది, లెక్కలు పొంగిపొర్లే కాలంలో రాజ్యమేలుతోంది.

మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం చార్టింగ్ లైబ్రరీలని పోల్చాల్సి వచ్చినప్పుడు ఒక టేబుల్ వేస్తాం. సైజు ఎన్ని కేబీలు, గిట్‌హబ్‌లో ఎన్ని స్టార్లు, లైసెన్సు ఏంటి, రియాక్ట్‌తో పడుతుందా లేదా. ఆ టేబుల్‌లో ఎప్పుడూ కనపడని గడి ఒకటుంది: అసలు చార్టంటే ఏమిటని ఆ లైబ్రరీ రాసినవాళ్ళు అనుకున్నారు? నా లెక్కలో లైబ్రరీల మధ్య పెద్ద తేడా అక్కడే ఉంది. మిగతావన్నీ వెర్షన్ మారితే మారిపోయేవి.

ప్లేఫెయిర్ దగ్గరే ఇంకాసేపు ఆగుదాం. ఆయన కొన్నాళ్ళు ఆవిరియంత్రాల జేమ్స్ వాట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. యంత్రాల బొమ్మలు గీసిన చెయ్యి దేశాల ఖాతాలు గీయడానికి మళ్ళింది. 1801లో తెచ్చిన ఇంకో పుస్తకంలో టర్కీ సామ్రాజ్యం ఏ ఖండంలో ఎంత ఉందో చూపించడానికి ఒక వృత్తాన్ని ముక్కలుగా కోశాడు. అది పై చార్టు. అంటే లైన్, బార్, పై మూడూ ఒక్క మనిషి పదిహేనేళ్ళలో మనకి ఇచ్చి వెళ్ళినవే. ఇవాళ్టి రెడీమేడ్ లైబ్రరీల మెనూలన్నీ ఈ మూడింటితోనే మొదలవుతాయి. 2013లో నిక్ డౌనీ విడుదల చేసిన చార్ట్.జేఎస్ మొదటి వెర్షన్లో మొత్తం ఆరు రకాలుండేవి: లైన్, బార్, రాడార్, పోలార్ ఏరియా, పై, డోనట్. సగం ప్లేఫెయిర్‌వే. డోనట్ అంటే మధ్యలో చిల్లు పెట్టిన పై కదా.

మెనూ పద్ధతిలో తప్పేమీ లేదు. ‘ముప్ఫై రోజుల్లో హిందీ’ లాంటి పుస్తకంతో రైలెక్కి ఢిల్లీ వెళ్ళి రావచ్చు. టికెట్ ఎంత, హోటల్ ఎక్కడ, నీళ్ళు కావాలి. పని జరిగిపోతుంది. చిక్కల్లా పుస్తకంలో లేని మాట అనాల్సి వచ్చినప్పుడే. 1869లో షార్ల్ మినార్ గీసిన బొమ్మని తీసుకోండి. 1812లో నెపోలియన్ సైన్యం 4,22,000 మందితో రష్యా మీదికి బయల్దేరి 10,000 మందితో తిరిగొచ్చింది. సైన్యం తగ్గుతున్నకొద్దీ మ్యాపు మీద పట్టీ సన్నబడుతూ పోతుంది, కింద తిరుగుదారిలో చలి ఎంతుందో ఇంకో గీత చెబుతుంది. దీన్ని ఏ మెనూలో వెతుకుతాం? లైనా? బారా? మ్యాపా?

మెనూ వద్దు, వ్యాకరణం కావాలన్న ఆలోచనకి మూలాలు ఫ్రాన్సులో ఉన్నాయి. మ్యాపులు గీసే జాక్ బెర్తాఁ 1967లో ఒక పుస్తకం రాశాడు. కాగితం మీద ఒక గుర్తు పెట్టామంటే మన చేతిలో ఉండేవి కొన్నే అన్నాడు: అది ఎక్కడుంది, ఎంత పెద్దది, ఎంత ముదురు, ఏ రంగు, ఏ ఆకారం, ఎటు తిరిగి ఉంది, ఎలాంటి అల్లిక. చార్టులు వందలున్నా అన్నీ వీటి కూర్పులే. ఆ తర్వాత అమెరికాలో లీలండ్ విల్కిన్సన్ ఈ దారినే చివరిదాకా నడిచాడు. ఆయన చదివింది సైకాలజీ, రాసింది సిస్టాట్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్. 1999లో వచ్చిన ఆయన పుస్తకం పేరే ‘ద గ్రామర్ ఆఫ్ గ్రాఫిక్స్’. అందులో నాకు బాగా నచ్చిన సంగతి పై చార్టు గురించి. విల్కిన్సన్ లెక్కలో పై అనేది ప్రత్యేకమైన చార్టే కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బార్‌ని పోలార్ కోఆర్డినేట్లలో పెడితే, అంటే నిలువుగా ఉన్నదాన్ని గుండ్రంగా వంచితే, పై అయిపోతుంది. సంధి సూత్రం తెలిస్తే రెండు పదాలు కలిసి ఏమవుతాయో విడిగా బట్టీ పట్టక్కర్లేదు, అలాంటిదన్నమాట. హ్యాడ్లీ వికమ్ ‘ఆర్’ భాషలో రాసిన జిజిప్లాట్2 పేరులోని రెండు ‘జి’లు ఈ పుస్తకం పేరులోంచి వచ్చినవే. వ్యాకరణం ఎందుకో చెప్పడానికి ఆయన 2010 నాటి వ్యాసంలో తీసుకున్న ఉదాహరణల్లో మినార్ బొమ్మ కూడా ఉంది.

వెబ్‌లోకి మాత్రం ముందు మెనూయే వచ్చింది. 2002లో కోల్‌కతాలో పల్లవ్ నధాని అనే పదిహేడేళ్ళ కుర్రాడు, స్కూలు పనిలో ఎక్సెల్ చార్టులతో విసుగెత్తి, ఫ్లాష్‌తో ఫ్యూజన్‌చార్ట్స్ మొదలుపెట్టాడు. కదిలే చార్టులు, నిగనిగలాడే త్రీడీ పైలు. మన దేశం నుంచి వెళ్ళిన ఈ సరుకు ఒబామా హయాంలో వైట్‌హౌస్ దాకా చేరింది. ఇంకోపక్క నార్వేలో విక్ అనే చిన్న ఊళ్ళో టోర్‌స్టైన్ హోన్సీకి ఒక చిన్న అవసరం పడింది. వాళ్ళ కుటుంబానికి కొండ మీద ఒక కేబిన్ ఉంది. అక్కడ మంచు ఎంత లోతు పేరుకుందో తన వెబ్‌పేజీలో చూపించాలి. ఫ్లాష్ ప్లగిన్లతో వేగలేక జావాస్క్రిప్ట్‌లో సొంతంగా రాసుకున్నాడు. అది 2009లో హైచార్ట్స్‌గా బయటికొచ్చింది. అప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఎస్‌వీజీ రాదు. ఎస్‌వీజీ 2001లోనే ప్రమాణమైనా ఆ బ్రౌజర్ దాన్ని అందుకున్నది 2011లో, తొమ్మిదో వెర్షన్లో. అప్పటిదాకా ప్రతి చార్టునీ మిగతా బ్రౌజర్లకి ఎస్‌వీజీలో, దానికి మాత్రం వీఎంఎల్‌లో, రెండుసార్లు గీయాల్సిందే. హైచార్ట్స్ ఆ గొడవ మన కంటపడకుండా దాచిపెట్టింది. డబ్బు తీసుకున్నా జనం కొన్నారంటే అందుకే.

2010 ఏప్రిల్లో స్టీవ్ జాబ్స్ ఫ్లాష్‌కి వ్యతిరేకంగా బహిరంగ లేఖ రాశాడు. పదేళ్ళ తర్వాత, 2020 డిసెంబరు 31న, అడోబీ దానికి మంగళం పాడింది. ఫ్యూజన్‌చార్ట్స్ అప్పటికే జావాస్క్రిప్ట్‌లోకి మారి బతికిపోయింది. పత్రికలు ఫ్లాష్‌లో చేసిన ఇంటరాక్టివ్ కథనాలకి మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. ప్లేఫెయిర్ చెక్కించిన రాగిరేకు అచ్చులు ఇవాళ్టికీ చూడొచ్చు, 2006 నాటి వార్తాచిత్రం పేజీ తెరిస్తే బూడిదరంగు డబ్బా.

ఇక వ్యాకరణం వైపు. ఇక్కడ కథంతా జెఫ్ హియర్ చుట్టూ తిరుగుతుంది. జావాలో ప్రీఫ్యూజ్, ఫ్లాష్‌లో ఫ్లేర్, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో తన విద్యార్థి మైక్ బోస్టాక్‌తో కలిసి 2009లో ప్రోటోవిస్. రెండేళ్ళకే, 2011లో, బోస్టాక్, వాదిమ్ ఒగియెవెట్స్కీ, హియర్ ముగ్గురూ ప్రోటోవిస్‌ని పక్కనపెట్టి డీ3 తెచ్చారు. ఈ మలుపు గమనించదగ్గది. ప్రోటోవిస్‌కి తనదైన గుర్తుల భాష ఉండేది, ఆ భాషకి బయట ఉన్నదేదీ అది చెప్పలేదు. డీ3లో చార్టనే మాటే లేదు. అక్కడున్నది డేటా, పేజీలోని ఎలిమెంట్లు, రెంటికీ ముడి. కొత్త డేటా వస్తే కొత్త ఎలిమెంటు, పాతది పోతే దాని ఎలిమెంటూ పోతుంది, ఉన్నది మారితే అదీ మారుతుంది. వ్యాకరణం కూడా కాదిది, వర్ణమాల. అందుకే ఒక మామూలు బార్ చార్టుకి కూడా యాక్సిస్ దగ్గర్నుంచీ మార్జిన్ల దాకా అన్నీ మనమే రాసుకోవాలి. అందుకే బోస్టాక్ న్యూయార్క్ టైమ్స్‌లో చేరాక అంతకుముందు ఎవరూ చూడని బొమ్మలు అందులోంచి పుట్టాయి. మనలో చాలామంది డీ3 నేర్చుకున్నామంటే ఆయన పెట్టిన ఉదాహరణలని కాపీ కొట్టి డేటా మార్చుకున్నామనే అర్థం. వర్ణమాల చేతికిచ్చినా మనం మెనూనే తయారుచేసుకున్నాం!

మధ్యే మార్గం 2016లో దొరికింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హియర్, ఆయన బృందం చేసిన వేగా-లైట్ అది. బెర్తాఁ, విల్కిన్సన్ల చూపు ఇందులో నేరుగా కనిపిస్తుంది. ఏ గుర్తు కావాలి, డేటాలో ఏ కాలమ్ స్థానంగా మారాలి, ఏది రంగుగా మారాలి, అంతే రాస్తాం. తేడా తెలియాలంటే ఒక పని ఇచ్చి చూడండి. తెలంగాణలోని 33 జిల్లాల నెలవారీ వర్షపాతం పక్కపక్కన పోల్చి చూపించాలి. వేగా-లైట్‌లో ‘ఫాసెట్’ అని జిల్లా కాలమ్ పేరు ఇస్తే 33 చిన్న చార్టులు వస్తాయి, అన్నింటికీ ఒకటే కొలబద్ద. చార్ట్.జేఎస్‌లో ఈ మాటకి పదం లేదు. 33 కాన్వాసులు లూపులో పెట్టుకుని, అన్నింటి గరిష్ఠాన్నీ మనమే కనుక్కుని ఒకేలా సరిచేయాలి. చేయలేమని కాదు, చేయాలన్న ఊహే రాదు. లైన్ చార్టు తెరిచి 33 గీతలూ అందులోనే పోస్తాం. చాలా లైబ్రరీల పాలెట్లో పది రంగులే ఉంటాయి కాబట్టి పదకొండో జిల్లా మొదటి జిల్లా రంగులోనే వస్తుంది. చూసేవాళ్ళకి ప్లేటులో నూడుల్స్.

బైదూ నుంచి 2013లో వచ్చి, 2021లో అపాచీ పూర్తిస్థాయి ప్రాజెక్టుల్లో చేరిన ఈచార్ట్స్ మెనూ పక్షానిదే. కాకపోతే ఆ మెనూ పెళ్ళిభోజనమంత పొడుగు. లక్ష చుక్కలు పెట్టాల్సిన చోట నేనైనా దాన్నే ఎంచుకుంటాను. ఎస్‌వీజీలో ప్రతి చుక్కా బ్రౌజరు గుర్తుంచుకోవాల్సిన ఒక వస్తువు, కాన్వాస్‌లో అయితే గీసి మర్చిపోతుంది.

డిఫాల్టుల సంగతికొస్తే, నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. చార్ట్.జేఎస్ రెండో వెర్షన్లో బార్ చార్టు యాక్సిస్ సున్నా నుంచి మొదలవ్వాలంటే ఆ మాట మనం చెప్పాలి. చెప్పకపోతే డేటాలోని అంకెలని బట్టి అదే ఎక్కడో మొదలుపెడుతుంది. పోయిన నెల అమ్మకాలు 480, ఈ నెల 500 అనుకోండి. యాక్సిస్ 475 దగ్గర మొదలైతే మొదటి బార్ ఎత్తు 5, రెండోదాని ఎత్తు 25. నాలుగు శాతం పెరుగుదల కంటికి అయిదు రెట్లుగా కనిపిస్తుంది. 2021లో వచ్చిన మూడో వెర్షన్లో బార్లకి సున్నానే డిఫాల్టు చేశారు. ఈలోపు పాత పద్ధతిలో ఎన్ని రివ్యూ మీటింగులు గడిచాయో, ఎన్ని చప్పట్లు మోగాయో. కోడ్ రివ్యూల్లో వేరియబుల్ పేరు మీద అరగంట వాదన జరుగుతుంది, యాక్సిస్ ఎక్కడ మొదలైందని అడిగినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. బార్‌లో మన కన్ను చదివేది పొడవుని. పొడవు, కోణం, వైశాల్యం, వీటిలో కన్ను దేన్ని ఎంత బాగా పోలుస్తుందో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలు చేసి వరస కట్టారు. పై చార్టు కోణాలు ఆ వరసలో పొడవుకన్నా పైన లేవు, అయినా మెనూలోంచి కదల్లేదు.

అలాగని ఒక్క డిఫాల్టు అన్నిటికీ సరిపోదు. 2020 మార్చి నుంచి 2021 అక్టోబరు దాకా వాలంటీర్లు నడిపిన కోవిడ్19ఇండియా సైటు గుర్తుందా? దాని గ్రాఫుల వెనక ఉన్నది డీ3. అక్కడ చిన్న మీట ఒకటుండేది, స్కేలు మామూలుగా కావాలా, లాగరిథమిక్‌గా కావాలా అని. మామూలు స్కేలులో గోడలా నిటారుగా లేచిన గీత, లాగ్‌లోకి మారగానే వంపు తిరిగి నెమ్మదించినట్టు ఉండేది. అంకెలు అవే. రెండూ నిజమే. ఏది చూడాలో చూసేవాళ్ళ చేతికే వదిలేశారు. ఆ రోజుల్లో మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన స్క్రీన్‌షాట్లలో మాత్రం ఆ మీట ఉండేది కాదు, పంపినవాళ్ళకి నచ్చిన గీత ఒక్కటే ఉండేది.

ఇక మన భాష సంగతి. డీ3లో పెద్ద అంకెలని కుదించమంటే 2.5 కోట్లు ‘25ఎం’ అవుతుంది, 250 కోట్లు ‘2.5జి’ అవుతుంది. ఆ ‘జి’ గిగా. బడ్జెట్ చార్టు మీద చూస్తే మొబైల్ డేటా ప్యాకేమో అనిపిస్తుంది. భారతీయ పద్ధతిలో కామాలు పెట్టే ఫైలు డీ3లోనే ఉంది, మూడు, రెండు, రెండు అంకెలుగా విడగొడుతుంది. కానీ లక్ష, కోటి అని కుదించే మాట అందులో లేదు, మనమే రాసుకోవాలి. లేబుల్ పొడవైతే కోసేయడం ఇంకో తలనొప్పి. జావాస్క్రిప్ట్ లెక్కలో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు, ఆరు. రెండు దగ్గర కోస్తే మిగిలేది ‘స్’. జనాభా చార్టులో పురుషుల పక్కన ‘స్…’ అని కనబడితే నవ్వాలో ఏడవాలో తెలీదు. కోయకుండా వదిలేస్తే ఎస్‌వీజీలో ఆ పదం పదంగానే ఉంటుంది. సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు, పేజీలో వెతికితే దొరుకుతుంది, కళ్ళు కనపడనివాళ్ళ స్క్రీన్ రీడర్ చదవగలుగుతుంది. కాన్వాస్‌లో అదే పదం చూడ్డానికి చక్కగా, వత్తు కింద వత్తుతో వస్తుంది. బ్రౌజరుకి మాత్రం అది కొన్ని నల్లచుక్కలు.