యర్రాజి జ్యోతి పరుగు చరిత్ర

సముద్రలంఘన సమయమున ఆంజనేయునకు మూడు అంతరాయములు కలిగినవి. సురస పరీక్షింప వచ్చెను. సింహిక మ్రింగ వచ్చెను. మైనాకుడు మాత్రము విశ్రాంతి నొసగ వచ్చెను. ఆ సాయమును గూడ మారుతి చేతితో స్పృశించి దాటిపోవలసివచ్చెను. మేలు చేయ వచ్చినదియు ఒక్కొకప్పుడు అడ్డంకి యగుననుటకు యర్రాజి జ్యోతి చరిత్రమే నిదర్శనము.

జ్యోతి 1999 ఆగస్టు 28వ తేదీన విశాఖపట్టణమున జన్మించెను. తండ్రి కాపలాదారు, తల్లి పరుల ఇండ్లలో పనిచేసి సంసారమును గడపినది. పాఠశాలలో ఆమె పొడుగును చూచి హర్డిల్సు పందెమునకు దింపిరి. 2016లో హైదరాబాదు చేరి ఎన్. రమేశ్ వద్దను, పిదప భువనేశ్వరమున జేమ్స్ హిలియర్ వద్దను శిక్షణ పొందెను.

ఈ పందెము 100 మీటర్లు. సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తుగల పది అడ్డుకంచెలు ఎనిమిదిన్నర మీటర్ల కొకటిగా నుండును. కంచెకు కంచెకు నడుమ మూడే అంగలు. ఒక్క అంగ తప్పిన పందెము పోవును.

2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డు ఇరువది యేండ్లు నిలిచినది. 2020 జనవరిలో మూడబిదిరెలో జ్యోతి 13.03 సెకండ్లలో పరుగెత్తెను. కాని మాదకద్రవ్య పరీక్ష జరుగనందున అది లెక్కకు రాలేదు. 2022 ఏప్రిలులో కోళిక్కోడున 13.09 సెకండ్లలో గమ్యము చేరెను. వెనుకనుండి వీచు గాలి సెకండునకు 2 మీటర్లకు మించరాదని నిబంధన, ఆనాడు 2.1 మీటర్లు వీచినది. ఒక్క దశాంశము వాసిలో రికార్డు పోయినది. మైనాకుని ఆతిథ్యమన నిదియే!

గోదావరిఖనిలో బొగ్గు గనినుండి పైకి వచ్చినంతమాత్రమున లెక్క కాదు. తూకము వేసి చిట్టాలో వ్రాయవలెను. జ్యోతి ఆ ధర్మమును నిందింపక మరల పరుగెత్తెను. 2022 మే 10న సైప్రస్ దేశపు లిమసోల్‌లో 13.23 సెకండ్లతో పాత రికార్డును చెరిపివేసెను. పోయిన రెండు పరుగులకంటె ఇది మందమైనదే. అయినను లెక్కకెక్కినది ఇదియే. అదే అక్టోబరులో బెంగుళూరున 12.82 సెకండ్లలో పరుగెత్తి, నిబంధనలకు లోబడి 13 సెకండ్లలోపు ముగించిన తొలి భారతీయురాలయ్యెను. 2023లో బ్యాంకాకున ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణము గెలుచుకొనెను.

2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మరియొక పరీక్ష ఎదురయ్యెను. చైనా క్రీడాకారిణి వూ యన్నీ సంకేతమునకు ముందే కదలగా, అధికారులు జ్యోతినిగూడ తొలగింపబోయిరి. ఆమె తలవంచుకొని వెడలిపోలేదు. తన తప్పు లేదని నిలిచి వాదించెను. ఇరువురిని పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకండ్లలో మూడవదిగా వచ్చెను. పిదప విచారించి వూను తొలగింపగా కాంస్యము రజతమైనది.

2024లో పారిస్ ఒలింపిక్సున ఈ పందెమున పాల్గొన్న తొలి భారతీయురాలుగా నిలిచెను. 2025 మేలో గుమీలో 12.96 సెకండ్లతో ఆసియా స్వర్ణమును నిలుపుకొనెను. అదే సంవత్సరమున మోకాటి గాయమునకు శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చెను.

లెక్కకు రాని పరుగులు వ్యర్థములు కావు. లిమసోల్‌లో పరుగెత్తిన కాళ్ళను తీర్చినవి ఆ పరుగులే. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఈ మాట మరువకుందురు గాక!