కాలికోసం పుట్టి గుండెకు చేరిన చికిత్స

శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి జనం బారులు తీరతారు. కాస్త దూరం నడిచేసరికి పిరుదూ తొడా గుంజి, రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోయే నొప్పితో బాధపడేవాళ్లు అందులో కొందరైనా ఉంటారు. దాన్ని వాతమనో నడుము నరమనో తేల్చేస్తారు. కొన్నిసార్లు అది నిజమే. కొందరిలో మాత్రం బృహద్ధమని బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు దిగే చోట, ఇలియాక్ ధమనుల్లో, పూడిక ఉంటుంది. బీడీ, సిగరెట్, షుగరు దానికి ముఖ్య కారణాలు.

ఈ జబ్బును 1923లోనే ఫ్రెంచి సర్జన్ రెనె లెరిష్ వర్ణించారు. పొట్ట కోసి బైపాస్ వేయడం తర్వాత వచ్చింది. వయసు మళ్లినవాళ్లకు అది పెద్ద గండమే. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ధమనిలోకి సూది గుచ్చి, తీగ పంపి, దాని మీదుగా గొట్టం ఎక్కించే దారి చూపారు.

అసలు మలుపు అనుకోకుండా వచ్చింది. 1963లో అమెరికాలో రేడియాలజిస్టు చార్లెస్ డాటర్ రక్తనాళాల ఫొటోల కోసం పంపిన గొట్టం, మూసుకుపోయిన ఇలియాక్ ధమనిలోంచి దూసుకుని అవతలికి వెళ్లింది. పరీక్ష చేసే పనిముట్టే చికిత్స కూడా చేయగలదని ఆయన గ్రహించారు. 1964 జనవరి 16న, కాలు తీయించుకోనని పట్టుబట్టిన 82 ఏళ్ల అవ్వకు తొడ ధమనిని అలాగే తెరిచారు. ఆమె కాలు నిలిచింది. తోటి సర్జన్లు చాలామంది ఆయన్ని నమ్మలేదు.

డాటర్ గొట్టాలు ఇలియాక్ ధమని వెడల్పుకు చాలవు. ఆ లోటు 1974లో జూరిక్‌లో వైద్యుడు గ్రుంట్‌జిగ్ తెచ్చిన బెలూన్ తీర్చింది. దాన్ని మొదట కాళ్ల ధమనుల్లో వాడి, 1977లోనే గుండెకు తీసుకెళ్లారు. ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం, అంటే వైద్యుడు పాల్మాజ్ చేసిన స్టెంట్‌ది కూడా అదే వరస: అమెరికాలో ఇలియాక్ ధమనికి 1991లో, గుండెకు 1994లో అనుమతి దొరికింది.

ఆ తర్వాత అందరి చూపూ గుండె మీదే. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1998లో తెచ్చిన చవక స్టెంట్ గుండెకే. 2017లో కేంద్రం ధర కట్టడి చేసిందీ గుండె స్టెంట్లకే. ఎమ్మిగనూరులో గుంట మగ్గం తొక్కే నేతగాడికి, ఆదోని మార్కెట్లో పత్తి బోరాలు మోసే హమాలీకి కాలే బతుకుతెరువు. ఆ కాలి ధమనికీ అదే శ్రద్ధ దక్కాలి.

గజ్జలో రెండు వేళ్లు పెట్టి నాడి చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అక్కడ నాడి బలహీనంగా ఉన్నా, అందకపోయినా పూడిక పైనే ఉందని అనుమానించాలి. ఆపై డాప్లర్, సీటీ యాంజియో పరీక్షలు చేయించాలి. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ వేళ్లు గజ్జ దాకా వెళితే, నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్న ఎందరో కాలు నల్లబడకముందే కర్నూలులోనో బళ్లారిలోనో పెద్దాసుపత్రికి చేరతారు.