అటకెక్కిన కంప్యూటరు

మార్టూరులోనూ, చుట్టుపక్కల వూళ్ళలోనూ ఇంటి అటక మీద ఏముంటాయో చెప్పమంటే మన ఆడవాళ్ళం కళ్ళు మూసుకుని చెప్పేస్తాం. ఇత్తడి గుండిగలు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పైకి చేరిన వుయ్యాల, పెళ్ళిళ్ళకి మాత్రమే కిందికి దిగే అండాలు, ఎప్పటిదో కిరసనాయిలు స్టవ్వు. గత పాతికేళ్ళలో వీటి పక్కన మరో శాల్తీ చేరింది. పాత దుప్పటి కప్పుకుని కూచున్న డెస్క్‌టాప్ కంప్యూటరు. అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. అబ్బాయి ఏ హైదరాబాదో, డల్లాసో వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాప్ వచ్చింది, ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఇది పైకెక్కింది. పారేద్దామంటే కొన్న ధర గుర్తొస్తుంది. అమ్ముదామంటే పాతసామాన్లవాడు కాటా తీస్తాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ, నిజానికి పాతవాటిని మనం అంత తేలిగ్గా వదిలే మనుషులం కాదు. చిరిగిన చీరలు బొంతలవుతాయి. పత్తి తీతలు అయిపోయాక చేలో మిగిలిన కట్టె పొయ్యిలోకి వస్తుంది. ఏ పాత వస్తువు ఏ పనికి పనికొస్తుందో మనకి అమ్మ దగ్గర్నుంచీ, అత్తగారి దగ్గర్నుంచీ వచ్చిన విద్య. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికే ఆ విద్య అక్కరకి రావడం లేదు. అది ఎలా పాతబడిందో ఎవరూ మనకి చెప్పలేదు మరి. ఆ సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన దేశానికి మొట్టమొదటి కంప్యూటరు 1955లో ఇంగ్లండు నుంచి వచ్చింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని తెప్పించుకుంది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పెట్టారు. 1969లో టి.డి.సి. 12 అనే కంప్యూటరు మన దేశంలోనే తయారైంది. అవన్నీ ఆఫీసులకీ, పరిశోధనశాలలకీ పరిమితమైన యంత్రాలు. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ మామూలు బల్ల మీద ఇమిడే పర్సనల్ కంప్యూటరు తెచ్చింది. 1995లో విండోస్ 95 వచ్చింది. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కంప్యూటర్లతో పని మొదలైంది. పొలం కాగితాల కోసం వెళ్ళిన మన పెద్దవాళ్ళలో చాలామంది ఆ యంత్రాన్ని దగ్గరగా చూసింది అక్కడేనేమో. ఆ తర్వాత నాలుగైదేళ్ళకి అది మన ఇళ్ళలోకీ వచ్చింది.

వీటిలో ప్రతి ఒక్కటీ వచ్చిన రోజున అబ్బురమే. పదేళ్ళు తిరిగేసరికి పాతసామానే. ఎందుకలా? తిరగలి అరుగుతుంది, కక్కు కొట్టించుకుంటాం. కంప్యూటరులో లెక్కలు కట్టే భాగం అలా అరిగేది కాదు. ఫ్యానులో దుమ్ము పడుతుంది, హార్డ్ డిస్కు తిరిగి తిరిగి మొరాయిస్తుంది, లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి అయిపోయి గడియారం తేదీ మరిచిపోతుంది. ఇవన్నీ బాగుచేయించుకోదగ్గ జబ్బులే. అసలు సంగతి ఏమిటంటే, దానికి మనం అప్పజెప్పే పనులు ఏటేటా బరువెక్కుతూ వచ్చాయి. జీతం అంతే వుండి సంసారం పెరిగినట్టు!

దీనికి తోడు తయారీదారుల గడువులు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనూ మామూలుగా ఇచ్చే వుచిత మరమ్మతులు ఆగిపోయాయి. ఆ తేదీకి ముందురోజు పనిచేసిన యంత్రం మర్నాడూ అలాగే పనిచేసింది. కాకపోతే ఇంటర్నెట్టులో దొంగలు తిరిగే దారికి ఇక తలుపు గడియ లేనట్టయింది. కొత్త విండోస్ 11 ఎక్కించుకునే అర్హత చాలా పాత యంత్రాలకి లేదు. అంచేత బాగా వున్న పెట్టెలు కూడా అటకెక్కుతున్నాయి.

మరి వీటికి తగిన పని ఏది? 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు కలిసి విసికాల్క్ అనే ప్రోగ్రాము రాశారు. అడ్డగీతలు, నిలువుగీతలు గీసిన లెక్కల పుస్తకం లాంటిది అది. ఒక గడిలో అంకె మారిస్తే మొత్తాలన్నీ వాటంతటవే మారతాయి. వ్యాపారస్తులు దాని కోసమే ఆపిల్ కంప్యూటర్లు కొన్నారు. దానికి కావలసిన జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మన అటక మీది పెట్టెలో కేవలం 512 మెగాబైట్లే వున్నాయనుకుందాం. అది 32 కిలోబైట్లకి 16,384 రెట్లు. ఒక కంపెనీ జమాఖర్చులు చూసిన దానికి పదహారు వేల రెట్ల సరంజామా మన ఇంట్లో దుప్పటి కింద నిద్రపోతోందన్నమాట.

మన మిర్చి, పత్తి రైతుల ఇళ్ళలో ఆ నిద్ర మనకి నష్టమే. కౌలు ఎంత, పురుగుమందులకి ఎంత, కోతలకి ఏ రోజు ఎంతమంది కూలీలు వచ్చారు, యార్డుకి ఎన్ని టిక్కీలు వెళ్ళాయి, తాలుకాయలు ఎన్ని పోయాయి - ఈ లెక్క చాలా ఇళ్ళలో సగం కాలెండరు మీదా, సగం ఇల్లాలి మనసులోనూ వుంటుంది. ఏడాది చివర మిగిలిందా, పోయిందా అంటే మగవాళ్ళు గాల్లో వేళ్ళు తిప్పుతారు. రోజుకి పది నిమిషాలు ఆ గడుల్లో అంకెలు వేస్తే జవాబు కళ్ళెదుట కనిపిస్తుంది. వచ్చే ఏడు అదే పొలం కౌలుకి తీసుకోవాలా వద్దా అనే మాట వచ్చినప్పుడు, ఆ జవాబు చేతిలో వున్న ఇల్లాలి మాటకి బరువుంటుంది.

పాత కంప్యూటర్లతో పెద్ద పనే చేసిన కథ ఒకటుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనే జాతీయ పరిశోధనశాల వుంది. అక్కడ విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే ఇద్దరికి తమ దేశంలో నేల, వాన, ఎండల తీరుని బట్టి ఏ ప్రాంతం ఏ ప్రాంతాన్ని పోలి వుందో పటం గీయాలని కోరిక. అంత లెక్క కట్టడానికి పెద్ద యంత్రం కావాలి. దానికి డబ్బు మంజూరు కాలేదు. వాళ్ళు 1997లో ఆఫీసులవాళ్ళు పనికిరావని తీసేసిన కంప్యూటర్లను ఒక్కొక్కటే పోగుచేసి, తీగలతో కలిపి, పనిని ముక్కలు చేసి తలా ఒక ముక్కా పంచారు. పోనుపోను నూటికి పైగా యంత్రాలయ్యాయి. పాడైనదాన్ని తీసేసి, దొరికినదాన్ని పెట్టుకుంటూ పటం గీసేశారు. దానికి వాళ్ళు పెట్టిన పేరుకి మూలం రాతి పులుసు అనే పాశ్చాత్యుల జానపద కథ. ఆకలితో వూళ్ళోకొచ్చిన బాటసారి కుండలో రాయి వేసి మరిగిస్తూ కూచుంటాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరు వుప్పు, ఒకరు కూరముక్క వేస్తే వూరంతటికీ పులుసు తయారవుతుంది. మన ఇళ్ళలో అన్ని లేవు, నిజమే. ముందు పని ఫలానా అని నిర్ణయించుకుని, తర్వాత యంత్రాన్ని వెతుక్కున్నారే, అది మాత్రం మనం నేర్చుకోవచ్చు.

అయితే ఇంగ్లీషు రాని ఇల్లాలికి ఇది అందుతుందా అని మీరడగొచ్చు. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకీ ఇదే బెంగ పట్టుకుంది. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేశారు. అందుకే దానికి రైస్ పద్ధతి అని పేరు. అన్నానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు! ఇంకోవైపు, 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టి అందరికీ వుచితంగా ఇచ్చాడు. 2005లో హైదరాబాదులో ఏర్పడిన స్వేచ్ఛ అనే సంస్థ ఆ లినక్స్‌కి తెలుగు నేర్పింది. మెనూలూ, ఆజ్ఞలూ అన్నీ మన భాషలోనే కనిపించేలా చేసింది.

విండోస్ గడువు తీరిన యంత్రం చాలావాటికి లినక్స్ రెండో కాపురం. 2010 ప్రాంతంలో కొన్నది, రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి వున్నదీ అయితే తేలికరకం లినక్స్ ఎక్కించి హాయిగా వాడుకోవచ్చు. అంతకు ముందటి 32 బిట్ల యంత్రాలకి మాత్రం ఈమధ్య ఆ తలుపూ మూసుకుంటోంది. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటి మీదికి కొత్తగా ఎక్కడం మానేసింది. అలాంటివి ఇంటర్నెట్టు జోలికి పోకుండా టైపు నేర్చుకోవడానికీ, లెక్కలకీ పెట్టుకోవాలి.

ఇంటర్నెట్టు లేకపోతే పిల్లలకేం లాభం అనకండి. కివిక్స్ అని వుచిత సాఫ్ట్‌వేరు వుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాని మొత్తంగా ఒకసారి దింపుకుని పెట్టుకుంటే, తర్వాత నెట్టు లేకుండానే చదువుకోవచ్చు. ఫోను అన్నయ్య చేతిలోంచి తన చేతికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఆడపిల్లకి, తనదంటూ ఒక బల్ల, ఒక యంత్రం వుండడం చిన్న విషయమేమీ కాదు.

ఇంకో పనికి తొందర కూడా వుంది. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వుంది. 1918లో మొదలైంది. చదివేసిన పత్రికలని జనం పొట్లాలు కడుతున్న రోజుల్లో వాళ్ళు భద్రంగా దాచారు. ఈనాడు పరిశోధకులు వెతుక్కుంటూ అక్కడికి వెళతారు. మన ఇంటికి మనమే సారస్వత నికేతనం. అమ్మమ్మ గొంతులో పెళ్ళిపాటలు, నాయనమ్మ ఆవకాయ కొలతలు, రంగు వెలిసిపోతున్న పెళ్ళిఫొటోలు - ఇవన్నీ ఫోనుతో పట్టి, పేర్లు, తేదీలు టైపు చేసి ఆ పెట్టెలో పెట్టుకోవచ్చు. పాత డిస్కుని పూర్తిగా నమ్మకూడదు కాబట్టి ఇంకో నకలు వేరేచోట వుంచాలి. ఫొటోలో మూడో వరసలో వున్నది ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్ళు మనకి ఎల్లకాలం వుండరు.

కొన్ని జాగ్రత్తలు. గడువు తీరిన విండోసుతో బ్యాంకు పనులు చెయ్యొద్దు. వంద వాట్ల యంత్రం పది గంటలు నడిస్తే ఒక యూనిట్ కరెంటు, అంచేత రాత్రీ పగలూ ఆన్ చేసి వుంచే పనులకి ఇది తగదు. ఎవరికైనా ఇచ్చేముందు డిస్కులో మన వివరాలన్నీ పూర్తిగా తుడిపించాలి. స్కూలుకో, లైబ్రరీకో ఇచ్చేటట్టయితే పనిచేసే స్థితిలో, వాడటం చూపించి మరీ ఇవ్వాలి. లేకపోతే అది మన అటక మీంచి వాళ్ళ అటక మీదికి మారుతుందంతే.

ఏ పనికీ రాదని తేలితే అప్పుడు సాగనంపాలి, అదీ మర్యాదగా. కంప్యూటరు, పాత గాజు మానిటరు కలిపి తయారుచేయడానికి 240 కిలోల ఇంధనం, 1500 కిలోల నీళ్ళు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం వారు 2004లో లెక్కగట్టారు. ఆ బరువైన గాజు మానిటరులో కిలోకి పైగా సీసం వుండొచ్చు. 2022లో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేస్తే, అందులో సరైన పద్ధతిలో రీసైకిలు అయినట్టు నమోదైంది 22.3 శాతమే. మన దేశంలో దీనికి 2012 నుంచి నిబంధనలు అమల్లో వున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి కొత్తవి వచ్చాయి. అనుమతి వున్న రీసైకిలు కేంద్రాలకి ఇవ్వడమే సరైన దారి. రాగి కోసం వైర్లు తగలబెట్టేవాళ్ళ చేతిలో పెడితే ఆ పొగ పీల్చేది వాళ్ళూ, వాళ్ళ పిల్లలూనూ.

సంక్రాంతి ముందు ఎలాగూ ఇల్లు దులుపుతాం, అటకా దులుపుతాం. ఈసారి ఆ దుప్పటి కూడా తీసి చూడండి. పని వుంటే కిందికి దించండి. లేకపోతే పని వున్న చోటికి పంపండి. పిల్లలు దాని వైర్లు పట్టుకెళ్ళి భోగిమంటలో వేయకుండా మాత్రం ఒక కన్నేసి వుంచండి.