తిరుమలగిరి వంటింట్లో రెండు శేర్లు

శేరు కందిపప్పంటే ఎంత? చెప్పేవారిది ఏ ఊరో తెలిస్తే గానీ తేలదు. మద్రాసు లెక్కలో శేరు 24 తులాలు, అంటే ఇప్పటి 280 గ్రాములు. పక్కా శేరైతే 80 తులాలు, 933 గ్రాములు. మూడు రెట్లకు పైనే తేడా. ఈ రెండు లెక్కల మనుషులూ పక్కపక్కనే కాపురం పెట్టిన చోటు తిరుమలగిరి.

1806లో నిజాం సికిందర్ జా పేరుమీద సికింద్రాబాద్ వెలిసింది. 1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు అక్కడికి దగ్గర్లోనే తిరుమలగిరిలో చుట్టూ కందకం తవ్వి మరీ స్థావరం కట్టుకున్నారు. ఆ స్థావరంలోని పటాలాలు మద్రాసు సైన్యంలోవి. వాటి వెంట వచ్చిన గుత్తేదార్లకూ వంటవాళ్లకూ వీశెలు, పలాలు అలవాటు. తెల్ల సిపాయిల లెక్క పౌన్లు, ఔన్సులు. దండు పొలిమేర దాటితే నిజాం రాజ్యం: శేరు, పావుశేరు, ఛటాకు. చాలదన్నట్టు డబ్బూ రెండు రకాలే. ఆంగ్లేయులవి కల్దార్ రూపాయలు, నిజాంవి హాలీ రూపాయలు. ఆరు కల్దార్‌లకు ఏడు హాలీలు వచ్చేవి. కిరాణా కొట్టు గుమాస్తా బుర్ర ఎంత పదునుగా ఉండాలో ఊహించుకోవచ్చు.

తులానికీ రూపాయికీ చుట్టరికం ఉంది. తులం 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు, కల్దార్ రూపాయి బరువూ సరిగ్గా అంతే. రాళ్లు లేకపోతే త్రాసులో రూపాయలే వేసి తూచొచ్చు. అయితే హాలీ రూపాయి 11.18 గ్రాములే. 24 హాలీ రూపాయలతో మద్రాసు శేరు తూచారనుకోండి, సరుకు దాదాపు 12 గ్రాములు తగ్గుతుంది. ఇప్పటి లెక్కలో రెండు టీస్పూన్ల ఉప్పు.

ఇదంతా తూకం సంగతి. గింజలనూ పిండినీ మన ఆడవాళ్లు తూచలేదు, కొలిచారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. వరస ఒకటే అయినా మానిక ఊరికో సైజు. దొరల వంటింట్లో మాత్రం చెంచాల లెక్క. మద్రాసు అశ్విక దళంలో పనిచేసిన కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ పేరుతో 1878లో తెచ్చిన వంటల పుస్తకంలోనూ అవే కొలతలు.

1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ రాళ్లు కొట్లలోకి దిగాయి. పావుశేరు అడిగేవాళ్లు పావుకిలో అనడం నేర్చుకున్నారు. మధ్యలో కలిసొచ్చిన 17 గ్రాములను ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇప్పుడు వీడియోల పుణ్యమా అని స్పూన్లు, కప్పులు. అవీ ఒకటి కావు. టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15. ఆస్ట్రేలియాలో మాత్రం 20. అమెరికా కప్పు సుమారు 237, మెట్రిక్ కప్పు 250. రైస్ కుక్కర్‌తో వచ్చే బుల్లి కప్పు 180. అది జపాన్ పాత కొలత, కుక్కర్‌తో పాటే మనింటికి వచ్చేసింది.

కొలతల మార్పిడి గట్టిగా దెబ్బకొట్టేది ఆవకాయనే. ‘ఉప్పు, కారం, ఆవపిండి సమానం’ అని పెద్దవాళ్లు చెప్పింది గిన్నె లెక్క, తూకం కాదు. టీస్పూను ఉప్పు 6 గ్రాములు తూగితే కారం మూడు గ్రాములకు లోపే. ఎవరో జాగ్రత్తగా ఆలోచించి మూడూ తలా 250 గ్రాములు తూచి కలిపితే కారానికి తగ్గ ఉప్పు సగానికి పడిపోతుంది, జాడీలో బూజు కనిపించొచ్చు. అదే గిన్నెతో కొలిస్తే అది డల్లాస్‌ది అయినా మెల్‌బోర్న్‌ది అయినా పేచీ లేదు, మూడింటికీ ఒకే గిన్నె వాడితే చాలు. కల్లుప్పైతే దంచాకే కొలవాలి. గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కనక దంచకుండా గిన్నె నింపితే ఉప్పు తక్కువ పడుతుంది.