పెడళ్ళు పెరిగాయి, పలక చాలలేదు



మీరు బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా, పెళ్ళి పందిట్లో పాటకచేరీ జరిగేటప్పుడు ఒక దృశ్యం గమనించే ఉంటారు. గిటారు వాయించే అబ్బాయి చేతులు తీగల మీద ఉంటాయి. కాలు మాత్రం నేల మీద పరిచిన చిన్న చిన్న లోహపు డబ్బాలను వెతుక్కుంటూ ఉంటుంది. ఒకదాన్ని నొక్కితే నాదం గరగరమంటుంది, ఇంకొకదాన్ని నొక్కితే గుహలో పాడినట్టు ప్రతిధ్వనిస్తుంది. వీటినే ఎఫెక్ట్ పెడళ్ళు అంటారు. ఇవన్నీ వరుసగా అమర్చుకునే పలక పెడల్ బోర్డు.

మొదట రెండు పెడళ్ళుంటాయి. తరువాత నాలుగవుతాయి, ఎనిమిదవుతాయి. ఒకనాడు పలక మీద చోటు చాలదు. "పెద్ద పలక కొనాలి" అంటాడు అబ్బాయి. "ఎంత పెద్దది, ఎందుకు?" అంటారు పెద్దలు. ఇది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. అంతకు మించి, సగం పాటలో గిటారు మూగబోతే పదిమందిలో పోయే పరువుతో ముడిపడిన ప్రశ్న. దీనికి జవాబు ఈ డబ్బాల చరిత్రలోనే ఉంది. కాసేపు అందులోకి తొంగిచూద్దాం.

ఈ కథ ఒక చెడిపోయిన యంత్రంతో మొదలైంది. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో గాయకుడు మార్టీ రాబిన్స్ ఒక పాట రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు నాదం చిరిగిన డప్పులా వినిపించింది. రికార్డింగు బల్లలో ఒక భాగం పాడైంది. ఆ లోపాన్ని సరిచేయకుండా పాటలో అలాగే ఉంచేశారు. 1961లో ఆ పాట విడుదలైంది. అందరూ ఆ వింత నాదం కావాలన్నారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే లోపాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే పరికరం తయారుచేశాడు. గిబ్సన్ సంస్థ దాన్ని 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. చేతులు తీగలను వదలడానికి వీల్లేదు కాబట్టి, మీటను కాలితో నొక్కేలా పెట్టారు.

మొదట్లో అది అంతగా చెల్లలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'శాటిస్‌ఫ్యాక్షన్' అనే పాటలో కీత్ రిచర్డ్స్ ఆ డబ్బాతో వాయించాడు. ఆ ఏడాది చివరికి దుకాణాలలో సరుకు మిగలలేదు. 1966లో ఇంగ్లండులో గుండ్రటి ఫజ్ ఫేస్ వచ్చింది. 1967లో, పాదంతో ముందుకూ వెనక్కూ ఊపితే "వావా" అనే వా పెడల్ బజారులోకి వచ్చింది. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ వాడినవి ముఖ్యంగా వా పెడల్, ఫజ్ ఫేస్, యూనీ వైబ్. పలక లేదు, పెట్టె లేదు. మూడూ వేదిక మీద విడివిడిగా పడి ఉండేవి. మూడు డబ్బాల కాలంలో అది చెల్లింది.

1970 దశకంలో డబ్బాలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. న్యూయార్కులో ఎలక్ట్రో హార్మోనిక్స్, రోచెస్టరులో ఎం.ఎక్స్.ఆర్., జపానులో రోలాండ్ వారి బాస్ సంస్థలు రకరకాల పెడళ్ళు తయారుచేశాయి. ఒక్కో డబ్బా ఒక్కో ఆకారం. వేదిక మీద చీకట్లో ఒక తీగ ఊడితే ఎక్కడ ఊడిందో తెలిసేది కాదు. ఊరికొక చోట కచేరీ చేసే కళాకారులకు ఇది పెద్ద చిక్కయింది.

ఈ చిక్కు విప్పినవాళ్ళలో ఇంగ్లండుకు చెందిన పీట్ కార్నిష్ ప్రముఖుడు. పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మోర్ వంటివారికి ఆయన 1970 దశకంలో పెద్ద పలకలు కట్టి ఇచ్చాడు. డబ్బాలలోని యంత్రభాగాలను బయటికి తీసి, ఒకే పెట్టెలో అమర్చి, విద్యుత్తు కూడా ఒకేచోటి నుంచి ఇచ్చేవాడు. ఆయన గమనించిన సంగతి ఒకటి మీరు గుర్తుంచుకోవాలి. తీగ పొడవు పెరిగేకొద్దీ గిటారు నాదంలోని పైస్థాయి మెరుపు తగ్గిపోతుంది. పలక పెద్దదైతే తీగలూ పెరుగుతాయి. అందుకని ఆయన బఫర్ అనే చిన్న యంత్రాన్ని దారిలో పెట్టి, నాదాన్ని నీరసించకుండా కాపాడాడు.

1977లో బాస్ సంస్థ చిన్న పెడళ్ళ వరుసను తెచ్చింది. అన్నీ ఒకే కొలత: వెడల్పు సుమారు 73 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 129 మిల్లీమీటర్లు. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉంటే గోడ కట్టడం సులువు కదా! పలక మీద అమరిక కూడా అలాగే సులువైంది. 1980 దశకంలో గొప్ప కళాకారులు బీరువాలంత పెట్టెలలో యంత్రాలు నింపుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లో బాబ్ బ్రాడ్‌షా వాటికి కాలితో నొక్కే మీటల పలకలు కట్టి ఇచ్చాడు. అది లారీ ఉన్నవాళ్ళ వైభవం. 1991లో నిర్వాణా బృందానికి చెందిన కర్ట్ కొబేన్ మామూలు పెడళ్ళతోనే లోకాన్ని ఊపేశాక, కుర్రకారు మళ్ళీ నేలమీది డబ్బాల వైపు మళ్ళారు. అల్యూమినియం బద్దలతో, బద్దల మధ్య సందులతో, ముందుకు వాలుగా ఉండే నేటి పలకలు ఆ తరువాత వ్యాపించినవే. పైన వెల్క్రో పట్టీతో పెడళ్ళు అంటించుకుంటారు, తీగలు సందుల్లోంచి కిందికి పోతాయి.

ఈ చరిత్ర చెప్పేదేమిటి? పలక పెరిగిన ప్రతిసారీ ఒక చిక్కు తీరింది, ఇంకొకటి పుట్టింది. చోటు దొరికితే తీగ పెరిగింది, తీగ పెరిగితే నాదం తగ్గింది, డబ్బాలు పెరిగితే విద్యుత్తు చాలలేదు, అన్నీ కలిస్తే బరువు పెరిగింది. కాబట్టి మీరు పలక కొనే ముందు ఈ నాలుగూ లెక్క చూసుకోండి.

మొదటిది చోటు. ఆరు చిన్న పెడళ్ళు పక్కపక్కన పెడితే వెడల్పు 438 మిల్లీమీటర్లు. మధ్యలో తీగ ప్లగ్గులకు ఒక్కో సందుకు 25 మిల్లీమీటర్లు వదిలితే, ఐదు సందులకు 125. మొత్తం 563. అంటే 24 అంగుళాల పలక మీద ఒక వరుసకు ఆరు పడతాయి. లోతు పన్నెండున్నర అంగుళాలుంటే రెండు వరుసలు వస్తాయి. అయితే వా పెడల్ ఒక్కటే రెండు వరుసల లోతునూ ఆక్రమిస్తుంది. లెక్క కాగితం మీద కుదిరితే చాలదు. పాత వార్తాపత్రికను పలక కొలతకు కత్తిరించి, నేల మీద పరిచి, మీ పెడళ్ళు దాని మీద పెట్టి వారం రోజులు వాయించి చూడండి. వెనక వరుస నొక్కబోతే ముందు వరుస మీటకు కాలు తగులుతున్నదా? అదే అసలు పరీక్ష.

రెండవది విద్యుత్తు. చాలా పెడళ్ళకు 9 వోల్టులు కావాలి. పాత తరహా పెడల్ చాలా తక్కువ విద్యుత్తు లాగుతుంది. డిజిటల్ పెడల్ ఒక్కటే అలాంటివి పదింటికి సమానంగా లాగవచ్చు. ఒకే అడాప్టరు నుంచి గొలుసు తీగతో అన్నిటికీ ఇస్తే గుర్రుమనే శబ్దం వచ్చే అవకాశం ఉంది. ఒక్కో పెడల్‌కు విడివిడిగా ఇచ్చే సరఫరా పెట్టె కొంటే మంచిది. పాత పద్ధతి జర్మేనియం ఫజ్ పెడళ్ళలో చాలావాటికి ధన, రుణ ధ్రువాలు తారుమారుగా ఉంటాయి. వాటిని మిగతావాటితో ఒకే గొలుసుకు కలపకూడదు. పలక పెద్దదయిందని డబ్బంతా పలకకే పెట్టి, సరఫరాకు చవకబారు అడాప్టరు కొనడం కోటకు తడిక తలుపు పెట్టడం లాంటిది.

మూడవది తీగ. పెడళ్ళ మధ్య పొట్టి తీగలే వాడండి. పెడళ్ళు ఎక్కువైతే వరుసలో కనీసం ఒక బఫర్ ఉండేలా చూసుకోండి. ఫజ్ పెడల్ మాత్రం సాధారణంగా బఫర్‌కు ముందు, గిటారుకు దగ్గరగా ఉంటేనే బాగా పలుకుతుంది.

నాలుగవది బరువు. ఒక్కో చిన్న పెడల్ సుమారు 400 గ్రాములు. పన్నెండు కలిస్తే దాదాపు 5 కిలోలు. పలక, సరఫరా, పెట్టె కలిపితే అది రెట్టింపు కావచ్చు. రాత్రి కచేరీ ముగించుకుని, ఒక చేత గిటారు, ఇంకో చేత ఈ పెట్టె పట్టుకుని చివరి బస్సు ఎక్కవలసినవాడు మీ ఇంటి అబ్బాయే. బస్సులో సీటు కింద పట్టేదెంతో ముందే కొలుచుకోమనండి.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని మన పెద్దలన్నారు. ఇక్కడ కాళ్ళు పెరుగుతున్నాయి కాబట్టి కొత్త మంచం కావలసిందే, తప్పులేదు. కానీ పుట్టని పెడళ్ళకు పలక కొనడం మాత్రం కొడుకు పుట్టకముందే సోమలింగమని పేరు పెట్టడమే. ఇప్పుడున్న పెడళ్ళు పట్టి, మరొక రెండింటికి చోటు మిగిలితే చాలు. అంతకు ముందు ఒక పని చేయండి. గత మూడు కచేరీలలో ఒక్కసారి కూడా నొక్కని పెడల్ ఏదైనా ఉందా? ఉంటే దాన్ని ఇంట్లో పెట్టండి. కొందరికి ఆ ఒక్క పనితోనే పాత పలక సరిపోతుంది. సరిపోకపోతే, మీ ఊరి వడ్రంగి చేత తేలికపాటి చెక్క బద్దలతో, మధ్య సందులుంచి, వాలుగా ఒక పలక చేయించుకోవచ్చు. దుకాణపు పలకకు ఉన్న గుణాలన్నీ దానికీ ఉంటాయి.

హెండ్రిక్స్ మూడు డబ్బాలతో చరిత్ర సృష్టించాడు. గిల్మోర్ పెద్ద పలకతో చరిత్ర సృష్టించాడు. ఇద్దరికీ కాలి కింద ఏది ఎక్కడుందో చూడకుండానే తెలుసు. మీ పలక ఎంత పెద్దదైనా కావచ్చు, మీ కాలికి ఆ మాత్రం తెలిసినంత పెద్దదే కావాలి.